కామమ్మ కొసరు

పులికాటు చెరువు పడమటి గట్టున పొన్నకుప్పమని ఒక ఊరుండేది. అందులో నలభై ఇళ్ళు, నలభై వలలు, దాదాపు నాలుగు వందల అభిప్రాయాలు ఉండేవి. కామమ్మ ఆ ఊరికి తడ నుంచి కోడలుగా వచ్చేనాటికి పదహారేళ్ళది. వచ్చిన ఏడాది తిరక్కుండానే నెత్తిన గంపెత్తుకుని, కాలువ గట్టు వెంబడి నాలుగు మైళ్ళు నడిచి, పుట్టిన ఊరి సంతలోనే ఎండు మెత్తళ్ళు అమ్మడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాళ్ళతోనే బేరమాడాల్సి వచ్చేది. అయినా ఆమె బేరంలో ఒక్క మెట్టు దిగేది కాదని ప్రసిద్ధి.

ఆమె మొగుడు పోలేరయ్యకు 1958 కార్తీకమాసంలో నడుం విరిగింది. శ్రీహరికోట అడవి నుంచి సరుగుడు కట్టెలు పడవలకెత్తి కాలువ మీద మద్రాసుకు చేర్చే రోజులవి. చెరువులో తన వల వంతు లేని నెలల్లో పోలేరయ్య ఆ పడవల మీద పోయేవాడు. ఒకనాడు ఒడ్డున పేర్చిన కట్టెల దొంతి జారి ఆయన మీద పడింది. మద్రాసు పెద్దాసుపత్రిలో మూడు నెలలుంచుకుని ప్రాణం నిలబెట్టి పంపించారు. కాళ్ళు మాత్రం ఉన్నా లేనట్టే. “మనిషంటే కాళ్ళొక్కటే కాదు కదమ్మా” అని డాక్టరు కామమ్మతో అన్నాడు. ఆ మాట ఆమె నమ్మింది. పోలేరయ్య నమ్మలేదు.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మొదటి నాలుగు రోజులూ ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్ళు తలా ఒక నిట్టూర్పు విడిచి, తలా ఒక వక్కపలుకు నమిలి వెళ్ళారు. తర్వాత నిట్టూర్పులు తగ్గాయి, వక్కలు మిగిలాయి. పోలేరయ్య గడప దాటలేదు. ఎవరైనా గడపలో నిలబడితే కళ్ళు మూసుకునేవాడు. కామమ్మ అన్నం పెడితే తినేవాడు, అడిగితే ‘ఊ’ అనేవాడు. 1960లో వానలు పడే నాటికి ఆ ‘ఊ’ కూడా ఆగిపోయింది. వరసగా నలభై రోజులు ఆ ఇంట్లో కామమ్మ గొంతు తప్ప మరో గొంతు వినపడలేదు. మౌనవ్రతం పట్టే మహానుభావులకైనా చివరికి ఎవరో ఒకరితో ఆ సంగతి చెప్పుకోవాలనిపిస్తుంది. పోలేరయ్యకు అదీ లేదు.

నలభై ఒకటో రోజున, వాన వల్ల సంతకు పోలేక, కామమ్మ మొగుడి రేకుపెట్టె సర్దుతూ ఉంటే తువాలులో చుట్టిన పేకకట్ట ఒకటి దొరికింది. అందులో కళావరు ఏడు పోయి, దాని చోట సిగరెట్టు పెట్టె అట్ట కత్తిరించి పెట్టుకున్న ముక్క ఉంది. కట్టెల పడవ మీద పదకొండేళ్ళు తిరిగిన పేక అది.

ఆమె మంచం పక్కన చాప పరిచి మూడు ముక్కలాటకు పంచింది. ఆమెకు తెలిసిందల్లా పండగలప్పుడు మగవాళ్ళు ఆడుతుంటే దూరం నుంచి చూసినంతే. తలా మూడు ముక్కలు. మూడూ ఒకటే అయితే అన్నిటికన్నా గొప్ప. తర్వాత వరస ముక్కలు, తర్వాత జత, ఏదీ లేకపోతే ఎవరి దగ్గర పెద్ద ముక్క ఉంటే వాళ్ళది. పందేనికి సున్నం బట్టీకి ఏరుకొచ్చిన చిన్న ఆల్చిప్పలు పెట్టింది. పోలేరయ్య గోడవైపు నుంచి తిరగలేదు. ఇద్దరి ఆటా ఆమె ఒక్కతే ఆడింది, ఇద్దరి మాటలూ ఆమె ఒక్కతే మాట్లాడింది.

మూడో రోజున కామమ్మ ఆయన వంతు ముక్కలెత్తి చూసి, “నీకు ఆసూ, రెండూ, అయిదూ పడినాయి మావా. మిగతా రెండూ చిన్న ముక్కలే. నీ తరపున పారేస్తుండా” అంది.

“పారేస్తావా?” అని గోడ అడిగింది. “ఆసును పారేస్తావా? ఇద్దరాటలో ఆసొస్తే పారేసేవాళ్ళు యాడన్నా ఉండారా? బుద్ధుండాదా నీకు?”

కామమ్మ లేచి పెరట్లోకి పోయింది. కడిగిన చట్టినే మళ్ళీ కడిగింది. వాన పడుతూనే ఉంది కాబట్టి మొహం తుడుచుకోవాల్సిన పని పడలేదు. లోపలికొచ్చి, “అయితే ఎట్టాడాలో నువ్వే ఆడు” అని ఆయన మూడు ముక్కలూ ఆయన చేతికిచ్చింది.

అప్పటి నుంచి రోజూ సంత నుంచి వచ్చాక, మధ్యాహ్నం ఎండ వాలేదాకా ఆట. పోలేరయ్య పదింటిలో తొమ్మిది గెలిచేవాడు. ఇందువల్ల ఆరోగ్యం బాగుపడాలి, మొదట్లో పడింది కూడా. కాని నెల తిరిగేసరికి ఆయన ముక్కలు చూసుకోకుండానే గెలుస్తూ, గెలిచిన చిప్పలు లాక్కోకుండానే గోడవైపు తిరగడం మొదలుపెట్టాడు. గంపలో ఉన్న చేపకు వల వెయ్యడంలో ఎవరికి సరదా ఉంటుంది? తను బాగా ఆడటం నేర్చుకోకపోతే ఈ మనిషి మళ్ళీ గోడపాలవుతాడని కామమ్మకు అర్థమైంది.

తడకు పోయే దారిలో కాలువ మీద ఒక లాకు ఉండేది. ఒకవైపు నీళ్ళు నిండేదాకా, ఇంకోవైపు నీళ్ళు తీసేదాకా పడవలు అక్కడ ఆగాలి. ఆ తలుపులు తిప్పే ఉద్యోగి దావీదు. పడవ మనిషి ఒకడు, లాకు మనిషి ఒకడు, చుట్టూ నీళ్ళు. ఇద్దరాటలో దావీదు, పోలేరయ్య పండితులైంది ఇలాగే. ఆదివారం ఉదయం ప్రార్థనకు పోయే సమయం తప్ప దావీదు ఎప్పుడూ శాస్త్రచర్చకు సిద్ధంగానే ఉండేవాడు.

“ఇద్దరాటే వేరమ్మే” అన్నాడు దావీదు, కామమ్మ తెచ్చిన ఎండు రొయ్యల పొట్లం గురుదక్షిణగా అందుకుని. “అయిదుగురు కూచున్నప్పుడు మంచి ముక్క పడేదాకా ఓపిగ్గా కాసుకోని ఉండొచ్చు. ఇద్దరే ఉంటే, కాసుకున్నోడు మునిగినాడే. ప్రతి ఆటకీ ముందొక చిప్ప నడిమిట్లో పెట్టాల గదా? నువ్వు కాసుకుంటా ఉంటే అవన్నీ ఎవరికి బోతాయి?”

“మంచి ముక్క పడకపోతే ఏం జేసేదన్నా?”

“అవతలోడికి మటుకు పడిందా? మామూలుగా ఇద్దరికీ చెత్తే పడతది. ముందు బెదిరించినోడిదే ఆట. ఇద్దరి నడిమిట్లో జాకీ కూడా జమీందారే.”

కామమ్మ ఆలోచించింది. తడ సంతలో తన పక్క గంప పెంచలమ్మ చేసేది కూడా ఇదే. ఎండు చేపలు ఇద్దరివీ ఒకే పడవలోంచి దిగినవైనా, ముందు గొంతెత్తినందుకు మంచి చేపలన్నీ పెంచలమ్మవే అని జనం అనుకుంటారు. శాస్త్రం మరీ కొత్తదేం కాదనిపించి ఆమెకు ధైర్యం వచ్చింది.

“రెండోది. ముక్కలు చూడబాకు.”

“చూడకుండా ఎట్టాడేది?”

“చూడకుండా నువ్వు ఒక చిప్పేస్తే, చూసినోడు రెండెయ్యాల. అది ఒక లాభం. నీ ముక్కలేందో నీకే తెలియకపోతే నీ మొహంలో వాడికేం కనపడతది? ఇది ఇంకో లాభం. కాకపోతే ఎప్పుడూ అట్టే ఆడబాకు. ఒకపాలి చూడు, ఒకపాలి చూడబాకు. ఏటిమీద గాలి మాదిరిగా ఉండాల నువ్వు, రేపెట్టుంటావో ఎవరూ చెప్పలేకుండా.”

“ఇంకా?”

“ముక్కల్ని గాదు, మనిషిని చూడాల. మీ ఆయనకి చెత్త ముక్కలు పడితే మీసం దువ్వుతాడు. మంచివి పడితే మీసం జోలికే బోడు. పదకొండేళ్ళు చూసినా నేను.”

“ఇప్పుడు మీసమేదన్నా, గడ్డంలో కలిసిపోయింది” అంది కామమ్మ.

“అయితే మెడకాయ చూడు, గుటకేస్తాడేమో” అన్నాడు దావీదు. “ఇంకొకటి. నువ్వు గెలిచినప్పుడు నీ ముక్కలు చూపించబాకు. చూడాలని ఉంటే చిప్పలు కట్టి చూడమను. ఊరికే చూపిస్తే నువ్వెట్టాడతావో చెప్పినట్టే.”

ఇలా మూడు వారాలు, ఆరు పొట్లాలు. కామమ్మ పదింటిలో మూడు గెలిచింది, తర్వాత నాలుగు. పోలేరయ్య కోపంతో గోడ సంగతి మరిచిపోయాడు. ముక్కలు కనపడాలని మంచం కిటికీ దగ్గరికి జరిపించుకున్నాడు. ఒకరోజు గడ్డం చేసుకోవడానికి కత్తి అడిగాడు. మీసం బయటపడింది, దాంతోపాటు దాన్ని దువ్వే అలవాటూ బయటపడింది. కామమ్మకు అయిదో ఆట కూడా చేతికొచ్చింది.

“ఎవరు నేర్పినారే నీకు?”

“ఎవరూ నేర్పలా. పదిహేడేళ్ళు చేపలమ్మినా గదా, చాలదా?”

“చేపలమ్మేదానికి ఇంత మోసం కావాలంటే నేనింక చేపలు తినను.”

ఆ రోజుల్లో వాళ్ళింటి ముందు నుంచి పోయేవాళ్ళకు లోపల తిట్లు వినపడేవి. మొగుడూ పెళ్ళాలు సుఖంగా ఉన్నారని ఊరు సంతోషించింది. కాని పోలేరయ్య గడప మాత్రం దాటలేదు. గడపలో ఎవరైనా నిలబడితే ముక్కలు దుప్పటి కింద దాచి మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు.

ఇంతలో 1961 చైత్రం వచ్చింది. పొన్నకుప్పంలో చైత్రమంటే చీట్లు. చెరువులో వల పాతే చోట్లు ఊరందరివీ. ఎవరికి ఏ చోటు వంతుకు వస్తుందన్నది ఏటా ఒకసారి కుండలో తాటాకు ముక్కలు వేసి తేల్చుకుంటారు. ఇంటి మగవాడు స్వయంగా వచ్చి, తన చేత్తో చీటీ తియ్యాలి. ఈ కట్టుబాటుకు ఒక కారణం ఉంది. వెనకటికి ఒకాయన చనిపోయిన తర్వాత ఆరేళ్ళపాటు ఆయన పేరున ఆయన తమ్ముడే చీటీ తీస్తూ వచ్చాడు. చనిపోయినాయన హస్తవాసి ఎటువంటిదో, ఆ ఆరేళ్ళూ చెరువులో మంచి చోట్లన్నీ ఆయనకే పడ్డాయి. అప్పటి నుంచి ‘చెయ్యి రావాల’ అన్నారు. మూడేళ్ళు వరసగా చెయ్యి రాకపోతే ఆ ఇంటి వంతు ఊళ్ళో కలిసిపోతుంది. మళ్ళీ రాదు. పోలేరయ్య చెయ్యి రెండేళ్ళు రాలేదు.

వంతు ఉంటే పోలేరయ్య తమ్ముడు మాల్యాద్రి ఆ చోట వల పాతి సగం పాలు ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నాడు. వంతు పోతే ఆ ఇల్లు కుప్పంలో ఉంటుంది, కుప్పం లెక్కలో ఉండదు.

కామమ్మ కుప్పం పెద్ద ముత్యాలయ్య ఇంటికి పోయింది.

“పెద్దాయనా, చీటీ నేను తీస్తా.”

“నీ చెయ్యి మంచిదే కూతురా. కట్టుబాటుకి ఆ సంగతి తెలియదు గదా” అన్నాడు ముత్యాలయ్య. ఆయన వల అల్లుతున్నాడు, తలెత్తలేదు. “నీకు ఒప్పుకుంటే రేపు మద్రాసులో కాపురముండేవాళ్ళందరూ పెళ్ళాల్ని పంపిస్తారు. వాణ్ణే తీసకరా. మంచం పట్టుకోను నలుగురం మేమే వస్తాం.”

ఆ మాట కామమ్మ ఇంట్లో చెప్పింది. పోలేరయ్య ముక్కలు కలుపుతున్నవాడు ఆగాడు.

“నలుగురు మంచం మోసుకపోయేది మనిషి జన్మలో ఒక్కపాలే. అప్పుడు బోతాలే” అన్నాడు. మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు.

మూడు రోజులు ఆమె అడిగింది, మూడు రోజులూ ఆయన అదే చెప్పాడు. నాలుగో రోజు ఆమె అడగలేదు.

“ఒక పందెం ఆడదాం మావా. చెరి నూరు చిప్పలు. ఒకరికి చిప్పలయిపోయేదాకా. నేను గెలిస్తే నువ్వు చీట్ల కాడికి రావాల.”

పోలేరయ్య ముక్కలు దుప్పటి మీద పెట్టాడు. “నేను గెలిస్తే?”

“నువ్వేదంటే అది.”

“నేను గెలిస్తే నువ్వు తడకి బో. మీ అన్న కాడికి. మళ్ళీ రాబాకు. ముప్పై మూడేళ్ళు నీకు. మనలో మారుమనువు తప్పుగాదు. నన్ను మా తమ్ముడు చూసుకుంటాడు.”

కామమ్మ చేటలో రొయ్యలు ఏరుతోంది. ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఏరడం సాగించాయి. ఆయన ఆ మాట ఈ రోజు పుట్టించింది కాదని, గోడవైపు తిరిగి పడుకున్న రెండేళ్ళూ దాన్నే చూస్తూ ఉన్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

“ఎప్పుడు?” అంది.

“ఆదివారం. బుధవారం గదా చీట్లు.”

శనివారం సంతకు పోతూ ఆమె లాకు దగ్గర ఆగింది. సంగతంతా విని దావీదు చుట్ట ఆర్పేశాడు.

“అమ్మే, నీకొక తప్పుండాది. మొదటి రోజే చూసినా. చెప్పలా, చెపితే మీ ఆయనకి నీమీద గెలిచే దారి పోతాదని. వాడు గెలిస్తేనే గదా లేచి కూచునేది.”

“ఏం తప్పన్నా?”

“నీకు మంచి ముక్కలు పడితే కొసరేస్తావు. నాలుగు చిప్పలెయ్యాల్సిన కాడ నాలుగేసి, ఆపైన ఇంకొకటి జారిస్తావు. సంతలో బేరం కుదిరినాక గుప్పెడు మెత్తళ్ళు పైన వెయ్యవా, అట్టా. నీకు తెలియదు. నీ చెయ్యి వేస్తాది.”

కామమ్మ తన కుడిచేతి వైపు చూసుకుంది. బేరంలో ఒక్క మెట్టు దిగదని పేరున్న మనిషి, పదిహేడేళ్ళుగా ఆ చెయ్యి తనకు తెలియకుండా ఏం పంచిపెడుతూ వచ్చిందోనని చూసుకున్నట్టుంది ఆ చూపు.

“ఆయనకి తెలుసునా?”

“నా చెవి కదిలిందా లేదా అని పదకొండేళ్ళు చూసినోడు, నీ చెయ్యి చూడడా? నువ్వు కొసరేసినప్పుడల్లా వాడు పారేసి ఉంటాడు. గుర్తు తెచ్చుకో.”

గుర్తొచ్చింది. మంచి ముక్కలు పడినప్పుడల్లా రెండు మూడు చిప్పలకు మించి గెలవలేదు.

“రేపు కొసరు వెయ్యబాకు. వేస్తే చెత్త ముక్కలతో వెయ్యి. వాడు భయపడి పారేస్తాడు. కాని ఒక్కపాలే అమ్మే. రెండోపాలి పనిచెయ్యదు.”

ఆదివారం మధ్యాహ్నం ఆట మొదలైంది. తలుపు తీసే ఉంది, పడమటి గాలి ఇంట్లోంచి చెరువు మీదికి పోతోంది. కామమ్మ కుడిచేతికి కొంగు చుట్టుకుని ఎడంచేత్తో ఆడింది.

“చేతికేమైంది?”

“రొయ్యముల్లు గుచ్చుకుంది.”

పోలేరయ్య ఆ రోజు మీసం మీద చెయ్యి వెయ్యలేదు. మీసమంతా తువాలుతో కప్పి వెనక ముడి వేసుకున్నాడు, పంటినొప్పి అని చెప్పి. ఈ విధంగా ఒకరికొకరు పూర్తిగా తెలిసిన ఇద్దరు మనుషులు, ఒకరు చేతికి కట్టుతో, ఒకరు మూతికి కట్టుతో, యుద్ధం చేశారు.

గంటసేపు చిప్పలు అటూ ఇటూ పోయి వచ్చాయి. కామమ్మ చూడకుండా ఆడింది, చూసి ఆడింది, గాలి మాదిరిగా ఆడింది. తర్వాత ఆమెకు మూడూ, ఆరూ, తొమ్మిదీ పడ్డాయి. దావీదు చెప్పిన ఒక్కసారి ఇదేననుకుంది. కొంగు విప్పి, కుడిచేత్తో ఎనిమిది చిప్పలేసి, పైన ఇంకొకటి జార్చింది. పోలేరయ్య ఆ ఒక్క చిప్పనే చూసి, ముక్కలు పారేశాడు. నడిమిట్లో పోగైందంతా కామమ్మది.

అక్కడ గాలి ఒక పని చేసింది. ఆమె బోర్లించి పెట్టిన మూడు ముక్కలనూ ఎత్తి, తిరగేసి, పోలేరయ్య మంచంకోడు దగ్గర పడేసింది. మూడు, ఆరు, తొమ్మిది.

“ఓహో” అన్నాడు పోలేరయ్య.

శాస్త్రం గుట్టు బయటపడ్డాక శాస్త్రంతో పని లేదు. ఆ తర్వాత ఆమె బెదిరిస్తే ఆయన బెదరలేదు. ఆమె ఊరుకుంటే ఆయన బెదిరించాడు. ఎండ గోడ మీదికి పాకేసరికి కామమ్మ దగ్గర పంతొమ్మిది చిప్పలు మిగిలాయి. ఆమె వాటిని ఒళ్ళో పోసుకుంది. ఏడవలేదు. సంతలో చివరి చేప అమ్ముడుపోని రోజున కూచున్నట్టు కూచుంది. పోలేరయ్య ఆమె వైపు చూడకుండా పంచాడు. గెలుస్తున్న మనిషి మొహం కాదది.

కామమ్మ ముక్కలెత్తి చూసింది. ఎనిమిది, తొమ్మిది, పది.

వరస. ఆ రోజు మొత్తానికి ఆమెకు పడ్డ మొదటి వరస. నాలుగు చిప్పలేద్దామనుకుంది. నాలుగేసింది. వేసింది ఏ చేత్తోనో ఆమె చూసుకోలేదు. చూసేసరికి చాప మీద అయిదు చిప్పలున్నాయి. కొంగు విడిపోయి ఉంది. కుడిచెయ్యి ఇంకా చిప్ప మీదే ఉంది, తన పని తను చేసుకున్న నిశ్చింతతో.

ఈయన చూశాడు అనుకుంది. చూసి ఇప్పుడు పారేస్తాడు. ఇంకెప్పటికీ రాని ముక్కలకు ఒకటి రెండు చిప్పలే దక్కుతాయి.

పోలేరయ్య అయిదో చిప్పను చూశాడు. తర్వాత ఆమె మొహం చూశాడు. అక్కడ భయం కనపడింది. ఉన్నదే కనపడింది, అబద్ధం కాదు. ఆయన తువాలు కట్టు విప్పి పక్కన పెట్టాడు.

“దావీదుకి చెప్పు, ఒకే చోట రెండోపాలి వల వెయ్యగూడదని.”

“ఏ దావీదు?” అంది కామమ్మ, సన్నగా.

“చాలు లేవే, ఇద్దరం అలిసిపోయినాం. నీదంతా, నాదంతా. ఈ ఒక్క ఆటతో తేల్చేద్దాం.”

“నావి పంతొమ్మిదే గదా.”

“ఉండనీ.”

“మాటేనా?”

“మాటే.”

నూట ఎనభై ఒక్క చిప్పలున్నవాడు పంతొమ్మిదింటి మీద అంతా ఒడ్డడం ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. ఆటలో ఓనమాలు చదివినవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. కాని బాగా తెలిసినవాళ్ళు చేసే తప్పులు తెలియనివాళ్ళకు చేతకావు. పోలేరయ్య తన ముక్కలు వెల్లకిలా వేశాడు. రెండు రాజులు, ఒక అయిదు.

కామమ్మ ఎనిమిది వేసింది. తొమ్మిది వేసింది. పది వేసింది.

పోలేరయ్య వాటిని వేలితో రెండుసార్లు లెక్కపెట్టాడు, మూడు ముక్కల్ని.

“మరి కొసరెందుకేసినావు?”

“నేను వెయ్యలేదు మావా. చెయ్యి వేసింది.”

ఆయన ఆ చేతి వైపు చూశాడు. ఉప్పుకు పగిలి, పొలుసులు గోళ్ళలో ఇరుక్కుని ఉంది. తను గెలుస్తానని ఖాయంగా తెలిసి ఒడ్డినదేమిటో అప్పుడు ఆయనకు గుర్తొచ్చినట్టుంది. దుప్పటి మీద ముక్కలన్నీ పోగుచేసి, సమానంగా సర్ది, మళ్ళీ చెదరగొట్టాడు.

“మంచం మీద రాను” అన్నాడు చివరికి.

“ఇంకెట్టొస్తావు?”

“పడవలో.”

చీట్లు తీసేది చెరువు ఒడ్డునే. గుడిసె నుంచి నీళ్ళకు ముప్పై గజాలు. బుధవారం పొద్దున, ఊరు పోగయ్యే ముందే, కామమ్మ, మాల్యాద్రి కలిసి ఆయన్ని చేతుల మీద తీసుకుపోయి పడవలో కూర్చోబెట్టారు. మాల్యాద్రి గెడ వేశాడు. కామమ్మ ఒడ్డున నడిచిపోయి ఆడవాళ్ళు కూర్చునే చోట కూర్చుంది. చీట్ల కుండ దరిదాపుల్లోకి ఆడవాళ్ళు పోకూడదు.

పడవ మలుపు తిరిగి రాగానే ఒడ్డున మాటలు ఆగిపోయాయి. పోలేరయ్య పడవలో నిటారుగా కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ రెండు అంచుల మీద వేసి. పడవలో కూర్చున్నవాణ్ణి చూసి కాళ్ళ సంగతి ఎవరికీ తట్టదు. ముత్యాలయ్య ఒక్కడూ ఏమీ జరగనట్టు, “ఏందిరా ఇంత పొద్దెక్కిందాకా” అన్నాడు. చీటీ తియ్యడానికి మగవాడు నేల మీద నిలబడాలని కట్టుబాటులో ఎక్కడా లేదు. ముత్యాలయ్య పంచె ఎగగట్టి, కుండ నెత్తిన పెట్టుకుని, మోకాటిలోతు నీళ్ళలో పడవ దాకా పోయి కుండ దించాడు.

పోలేరయ్య చెయ్యి పెట్టి ఒక తాటాకు ముక్క తీశాడు. దాన్ని చూశాడు.

“అడుసుమడుగు” అన్నాడు.

చెరువు మొత్తంలో అంతకన్నా పనికిమాలిన చోటు లేదు. ఒడ్డున ఎవరో అయ్యో అన్నారు.

“కుండ కలిపినారా అసలు?” అన్నాడు పోలేరయ్య.

“నీ ఎదురుగానే కలిపితిమి గదా.”

“నేనొచ్చేది ఇప్పుడు గదా, యాడ ఎదురుగా? ఎత్తుకోనొచ్చేటప్పుడు కదిలించలేదు నువ్వు. అడుగునుండేది అడుగునే ఉండాది. పెద్దరికం చేసేవాడికి కుండ కదిలించేది తెలియకపోతే ఎట్టా?”

“రెండేళ్ళు రాకుండా ఉండి, వచ్చినోడివి వచ్చినట్టే తగాదానా?” అన్నాడు ముత్యాలయ్య. ఆయనకూ గొంతు లేచింది. ఒడ్డునున్నవాళ్ళు కొందరు కుండ కదిలిందన్నారు, కొందరు కదల్లేదన్నారు. అంతసేపూ ఎవరి మొహంలోనూ జాలి లేదు. కుండ విషయంలో తనతో తగాదా పడుతున్నవాడి మీద జాలిపడే తీరిక ఎవరికుంటుంది?

“మీ ఆయన ఏందక్కా, ఇంత నోరు పెట్టుకోని పడతుండాడు?” అంది కామమ్మ పక్కనున్నామె.

“ఇది తక్కువే” అంది కామమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సాకు చెప్పుకోవడానికి చెరువు మీద ఎండ కూడా బాగానే ఉంది.

తగాదా తేలలేదు, చీటీ మారలేదు. మాల్యాద్రి పడవ ఇంటివైపు తిప్పబోతే పోలేరయ్య అంచు మీద చరిచాడు.

“ఇంటికెందుకు? అడుసుమడుక్కి పోనీ. ఎంత లోతుండాదో చూడాల. వల పడమటి వైపు పాతితే తేటనీళ్ళు తగలొచ్చు. ముందెవడన్నా చూసినాడా ఆ సంగతి?” తర్వాత ఒడ్డువైపు తిరిగి, ఊరందరికీ వినపడేలా, “ఏమే, చీట్లయిపోయినాయిగా, ఇంకా ఆ గట్టున ఏం జేస్తుండావు? దా” అన్నాడు.

కామమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నీళ్ళలోకి దిగింది. పడవెక్కి, మాల్యాద్రి చేతిలోంచి గెడ తీసుకుని ముందువైపు నిలబడింది. అడుసుమడుగు చేరాక గెడ నిలువునా దించి, తడి ఎంతవరకు వచ్చిందో చూసి చెప్పింది.

“మొలలోతు.”

“ఇంకొంచెం ముందుకు” అన్నాడు పోలేరయ్య.